పేరున్న టిక్కెట్టు

సఖినేటిపల్లి రేవులో ఎనిమిదింటి పంటు దాటిపోయింది.
తొమ్మిదింటిది ఎక్కాను.
రెండు ట్రాక్టర్లు, ఓ కొబ్బరికాయల వ్యాను,
చంకలో బిస్కెట్ల రేకుడబ్బాతో నేను.
డబ్బాలో దారబ్బంతి, సూది,
మేళా వాళ్ళు పంపిన ఉత్తరం.

"మీ పేర రిజర్వేషను చేయించాం.
నరసాపురం స్టేషన్లో ఈ నంబరు చెప్పి
టిక్కెట్టు తీసుకోగలరు."
తీసుకోగలరు అని రాశారు.
తీసుకోగలనో లేదోనని
రాత్రి మూడుసార్లు చదివాను.
నంబరుకి పది అంకెలు.
గొలుసుకుట్లలా వేళ్ళమీద లెక్కపెట్టి
నోటికి పట్టించాను, కాగితం తడిసినా పోకుండా.

ముప్పై ఏళ్ళుగా
అన్నీ నా అరుగు మీదికే వచ్చి పట్టుకెళ్ళారు.
ముందు సైకిలు మీద ఏజెంటు కామేశం గారు,
తర్వాత మోటారు బండి మీద వాళ్ళబ్బాయి.
డజనుకింతని లెక్కగట్టి, మురికంటిందని కొంత కోసి,
బల్లగుడ్డలూ పూలచక్రాలూ మూటగట్టుకుని.
అవి ఏ ఊరు చేరాయో, ఏ బల్ల మీద పరిచారో
వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఇవాళ నాకు రావలసింది తెచ్చుకోడానికి
నేను వెళ్తున్నాను.

మా ఆయన "నేను తెస్తాలే, నీకేం తెలుసు" అన్నాడు.
"నీకు తెలుసా?" అన్నాను.
ఆయనకీ తెలీదు.
అందుకే కూడా వచ్చి సైకిలు స్టాండు దగ్గర ఆగిపోయాడు,
బీడీ వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ.

లైన్లో నా ముందు రొయ్యల కంపెనీ కుర్రాడు,
చెప్పులకి ఇంకా చెరువు బురద.
వాడి ముందు బరంపురం వెళ్ళే కూలీలు ఆరుగురు,
అందరి డబ్బూ ఒకడి రుమాల్లో.
వెనక ఒకావిడ ఉంగరం వేలితో వీపు మీద పొడిచి
"కదలండమ్మా, ఎదర ఖాళీ అయింది" అంది.

అద్దానికి అరచెయ్యంత కన్నం.
అందులోంచి మాట్లాడాలంటే వంగాలి.
వంగడం నాకు కొత్త కాదు.

నంబరు చెప్పాను, చూడకుండా, గడగడా.
కుర్ర క్లర్కు తలెత్తాడు.
"మళ్ళీ చెప్పండి, మెల్లగా."
మెల్లగా చెప్పాను.
మిషను గరగరమంది.

"సువార్త ఎవరండీ?"
"నేనేనండి."
రేషను కార్డు చూశాడు, నన్ను చూశాడు.
"ఆర్.ఏ.సీ.లో ఉందమ్మా."
"అంటే?"
"కూర్చోడానికి చోటుంటుంది, పడుకోడానికుండదు.
సగం బల్ల మీది, సగం ఇంకెవరిదో."
"ముప్పై ఏళ్ళనించీ కూర్చునే ఉన్నానండి,
ఒక్క రాత్రికేం?"
అతను నవ్వలేదు.
"ఎవరైనా మానుకుంటే బెర్తు రావచ్చు,
ఎక్కేముందు చార్టు చూసుకోండి" అన్నాడు.
చార్టు అన్న మాట మళ్ళీ ఓసారి చెప్పాడు.

టిక్కెట్టు మీద నా పేరు ఇంగ్లీషులో ఉంది.
సంతకం నేర్చుకున్నప్పటి అక్షరాలు కాబట్టి పోల్చాను.
చివర ఒకటి జారిపోయింది.
అల్లికలో అయితే ఊడదీసి మళ్ళీ వేసేదాన్ని.
పోన్లే, నాదే అని తెలుస్తోంది.
పక్కన వయసు, నలభై ఆరు.
ఇన్నేళ్ళలో ఏ రసీదు మీదా పడని పేరు.

మా ఆయన ఎదురొచ్చాడు. "ఇచ్చాడా?"
చూపించాను. ముట్టుకోనివ్వలేదు.
"పడుకోడానికి లేదంట" అన్నాను.
"మరెలాగే?" అని మొహం వేలాడేశాడు,
నిద్ర తనకే పోయినట్టు.

తిరుగు పంటు మీద గాలి.
వసిష్ఠ మధ్యలో టిక్కెట్ల అబ్బాయి చెయ్యి చాపితే
డబ్బా తీసి ఇవ్వబోయి
గభాల్న లాక్కున్నాను.
"అది కాదమ్మా, డబ్బులు" అన్నాడు.
పసుపు చీటీ ఒకటి చింపి చేతిలో పెట్టాడు.
దానికి పేరు లేదు.
మా ఆయన బల్ల మీద పక్కకి జరిగి చోటు చూపించాడు.
వెళ్ళలేదు.
అవతలి రేవుదాకా నిలబడే ఉన్నాను,
మూత సరిగ్గా పడిందో లేదోనని
మధ్యమధ్య నొక్కి చూసుకుంటూ.